అట్ల పడవలో... తిన్నవాళ్లకు తిన్నన్ని!

టికెట్టు ఒకసారే కొంటారు. అట్లు మాత్రం ఎన్నయినా తినొచ్చు. కిటికీ అవతల నది, ఇవతల పళ్లెం నిండా వేడివేడి అట్టు! నెదర్లాండ్స్‌లో పిల్లలున్న కుటుంబాలు ఇష్టపడే సరదా భోజనం ఇది. ఆ పడవెక్కి తింటుంటే కడుపు నిండడమే కాదు... ఇంట్లో పెనం దగ్గర నిల్చునే మనిషి కూడా గుర్తొస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం. రోటర్‌డామ్ నగరం. 185 మీటర్ల ఎత్తున నిలబడ్డ యూరోమాస్ట్ టవరు. దాని పాదాల దగ్గర పార్క్‌హావెన్ అనే చిన్న రేవు. అక్కడ కట్టేసి ఉన్న పడవ ముందు బారులు తీరిన జనంలో పిల్లలే ఎక్కువ. తాతయ్య చెయ్యి పట్టుకుని ఒకరు, అమ్మ చెయ్యి విడిపించుకుని ఒకరు. వాళ్ల తొందరంతా నదిని చూడ్డానికని అనుకుంటే పొరపాటే. లోపలి నుంచి వెన్న కాగుతున్న కమ్మని వాసన వస్తోంది మరి!

దాని పేరు 'పన్నెకూకెన్‌బోట్'. డచ్చి భాషలో పన్నెకూకెన్ అంటే పెనం మీద పోసే అట్లు. బోట్ అంటే పడవే. అంటే అచ్చ తెలుగులో 'అట్ల పడవ' అన్నమాట. రోటర్‌డామ్‌తో పాటు ఆమ్‌స్టర్‌డామ్, నైమేగన్ నగరాల్లోనూ ఈ పడవలు తిరుగుతుంటాయి. మామూలు షికారయితే గంటంబావు. ఆ డెబ్భై అయిదు నిమిషాల్లో ఎవరు ఎన్ని అట్లు తిన్నా అడిగేవాళ్లుండరు. ఒకటి... రెండు... అయిదు... లెక్క మీది, కడుపు మీది!

పడవ కదిలింది... పళ్లెం పట్టండి!

న్యూవె మాస్ నది మీదికి పడవ మెల్లగా వస్తుంది. ఆకాశహర్మ్యాలూ, క్రేన్లూ, కంటైనర్లతో వెళ్లే పడవలూ ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. 1996లో కట్టిన ఎరాస్మస్ వంతెన దూరం నుంచి మెడ సాచిన హంసలా ఉంటుంది. అందుకే ఊరివాళ్లు దాన్ని 'హంస' అనే పిలుస్తారు. యూరప్‌లోకెల్లా పెద్ద ఓడరేవు ఉన్న నగరం మరి, చూడ్డానికి ఏం తక్కువ?

అయితే ఆ చూపులన్నీ మొదటి అట్టు అయ్యాకే. గాజు కిటికీల పక్కన బల్లలు, మధ్యలో బఫే. సాదా అట్టు ఒకటి, ఆపిల్ ముక్కలు వేసి కాల్చింది ఒకటి, పలుచని పంది మాంసం ముక్కలు వేసి కాల్చింది ఇంకొకటి. వాటి పక్కనే గిన్నెలు వరుసగా ఉంటాయి. చీజు, జాము, పంచదార పొడి, చాక్లెట్ తురుము, పళ్ల ముక్కలు... ఎవరికి కావలసింది వాళ్లు అట్టు మీద వేసుకుని, చుట్ట చుట్టుకుని తినడమే.

డచ్చివాళ్ల అట్టు మన దోసెలా కరకరలాడదు. అమెరికావాళ్ల పాన్‌కేకులా మందంగా, దూదిలా ఉబ్బీ ఉండదు. రెంటికీ మధ్యరకం. పళ్లెమంత వెడల్పు, మెత్తదనం, అంచుల్లో కాస్త ఎరుపు. మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, సెలవులకు వచ్చిన పిల్లలకు అమ్మమ్మ పోసే గోధుమపిండి బెల్లం అట్టుకు దూరపు చుట్టం! మన బెల్లం స్థానంలో వాళ్లకు 'స్ట్రోప్' ఉంటుంది. చక్కెర దుంపల నుంచి తీసిన చిక్కని నల్లటి పాకమది. సీసాలోంచి తీగలా సాగుతూ అట్టు మీద పడుతుంది. ఆ తీగతో పేర్లు రాసుకోవడం పిల్లలకు పెద్ద సరదా.

ఇంకో చుట్టం కూడా ఉంది. గుంటలు గుంటలుగా ఉన్న పెనంలో పోసి, పుల్లతో తిప్పి కాల్చే చిన్న చిన్న 'పొఫర్‌చెస్'. ఆ పెనం చూస్తే రాయలసీమ ఇల్లాలు 'ఇది మా పొంగణాల పెనం కదూ!' అనకుండా ఉండలేదు. కాకపోతే మనం పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి కారంగా చేసుకుంటే, వాళ్లు వెన్న, పంచదార పొడి చల్లుకుని తింటారు.

రెండో అట్టు అయ్యేసరికి పిల్లలు బల్ల దగ్గర కనిపించరు. పడవ కింది అంతస్తులో రంగు రంగుల బంతులు నింపిన ఆటస్థలం ఉంటుంది. అందులో దూకి, దొర్లి, మళ్లీ ఆకలేసి పైకొచ్చి మూడో అట్టు అడుగుతారు. 'తిన్నాకే ఆట' అన్న మాట ఇక్కడ చెల్లదు. ఆట, తిండి, మళ్లీ ఆట... అదీ వరస.

అడవిలో అట్ల ఇల్లు

డచ్చివాళ్లు మనకు కొత్తవాళ్లేం కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో అద్దకం బట్టలు కొని ఓడలకెక్కించింది వాళ్లే. భీమునిపట్నంలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఈనాడు మనవాళ్లే అక్కడికి వెళ్తున్నారు. ఆమ్‌స్టెల్‌వీన్, ఐండ్‌హోవెన్ లాంటి ఊళ్లలో కొలువులు చేస్తున్న తెలుగు కుటుంబాలు తమను చూడవచ్చిన అమ్మానాన్నలకు ఊరు చూపించాలనుకుంటే తులిప్ తోటలు, గాలిమరల తర్వాత గుర్తుకు తెచ్చుకోదగ్గ వాటిలో ఈ అట్ల భోజనమూ ఒకటి.

అమెరికాలో పాన్‌కేక్ అంటే పొద్దుటి ఫలహారం. 1958లో లాస్ ఏంజెలిస్ దగ్గర టొలూకా లేక్‌లో మొదలైన ఐహాప్ హోటళ్లు దాన్నే ఇంటిపేరుగా మార్చుకున్నాయి. 'తినగలిగినన్ని పాన్‌కేకులు' అంటూ అప్పుడప్పుడూ ప్రత్యేక రోజులు పెడుతుంటాయి. డచ్చివాళ్లకు మాత్రం అట్టంటే టిఫిను కాదు... మధ్యాహ్నమో రాత్రో తినే భోజనం. అట్ల కోసమే ప్రత్యేకంగా హోటళ్లున్నాయి. ఊరి చివర చెట్ల మధ్య పాత రైతు ఇల్లు, దాని వెనక ఉయ్యాలలు, జారుడుబల్లలు. సైకిళ్ల మీద అడవిలో తిరిగి, అక్కడ ఆగి అట్టు తిని ఇంటికెళ్లడం వాళ్లకు అలవాటు. పిల్లల పుట్టినరోజు వచ్చిందంటే అట్ల హోటలుకి పదాల్సిందే. ఆ హోటలుకే అడుగున నీళ్లు పెడితే అట్ల పడవ!

ఈ మోజు నిన్న మొన్నటిది కాదు. పీటర్ ఆర్ట్‌సెన్ అనే చిత్రకారుడు 1560లోనే అట్లు కాల్చుకుంటున్న కుటుంబాన్ని బొమ్మగా గీశాడు. రోటర్‌డామ్‌లోని బోయ్‌మన్స్ మ్యూజియం దాచుకున్న సంపదలో ఆ బొమ్మ ఒకటి. మహా చిత్రకారుడు రెంబ్రాంట్ 1635లో 'అట్లు పోసే ఆవిడ' బొమ్మ చెక్కాడు. వీధిలో కూర్చుని పెనం మీద అట్లు కాలుస్తున్న ముసలావిడ, చుట్టూ మూగిన పిల్లలు. ఒక పసివాడు తన అట్టును కుక్క నోటబడకుండా కాపాడుకోవడానికి నానా తంటాలు పడుతుంటాడు. చూస్తే నవ్వొస్తుంది. నవ్వాక ఇంకోసారి చూడండి. అందరి కళ్లూ అట్టు మీదే. పోసే ఆవిడ చూపు మాత్రం పెనం మీద. ఈవిడ సంగతి తర్వాత చెప్పుకుందాం.

ఆకలి చూసిన ఊరు

'తిన్నవాళ్లకు తిన్నంత' అన్న మాటకు రోటర్‌డామ్‌లో ఇంకో అర్థముంది. 1940 మే 14న జర్మన్ బాంబర్లు ఈ నగరం నడిబొడ్డును నేలమట్టం చేశాయి. ఈ రోజు పడవలోంచి కనిపించే మేడలన్నీ ఇంత కొత్తగా ఉండడానికి కారణం అదే. అంతకంటే పెద్ద కష్టం ఆ తర్వాత వచ్చింది.

1944 సెప్టెంబరులో డచ్చి రైల్వే కార్మికులు జర్మన్ సేనల మీద సమ్మె కట్టారు. ప్రతీకారంగా జర్మన్లు పశ్చిమ ప్రాంతపు నగరాలకు తిండి గింజలు వెళ్లకుండా అడ్డుకున్నారు. దానికి తోడు ఎముకలు కొరికే చలి. ఆ శీతకాలాన్ని వాళ్లు నేటికీ 'ఆకలి శీతకాలం' అనే పిలుస్తారు. దాదాపు 20 వేల మంది చనిపోయారు. తిండి దొరక్క జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. చక్కెర దుంపలు తురుముకుని తిన్నారు. తర్వాత హాలీవుడ్ తారగా వెలిగిన ఆడ్రీ హెప్‌బర్న్ చిన్నతనంలో ఆ ఆకలిని అనుభవించినవారే. 1945 వసంతంలో మిత్రపక్షాల విమానాలు ఆకాశం నుంచి తిండి మూటలు జారవిడిచాయి. మే 5న దేశానికి విముక్తి వచ్చింది.

ఇప్పుడు మళ్లీ ఆ పడవ బల్ల మీదికి రండి. నల్లటి పాకం గిన్నె ఉంది చూశారూ... అదీ చక్కెర దుంపల నుంచి తీసిందే. ఒక తరానికి గతిలేక తిన్న దుంప, మనవల తరానికి అట్టు మీద తీపి తీగ అయింది. పళ్లెంలో సగం వదిలేసి లేస్తున్న మనవడికి తాతయ్య 'అది తినేసి వెళ్లు' అన్నాడంటే, అది చాదస్తం కాదు. 'కావలసినంత తిను, పారెయ్యకు' అన్నది ఆకలి తెలిసిన మనిషి మాట. కరవులు చూసిన మన పెద్దవాళ్లూ అన్నం మెతుకు కింద పడితే కళ్లకద్దుకునేది అందుకేగా!

నష్టం రాదా అంటే...

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఎన్ని తిన్నా ఒకటే డబ్బంటే హోటలువాడు మునిగిపోడా? మన 'ఫుల్ మీల్స్' హోటలువాడు ఎలా బతుకుతున్నాడో ఇదీ అలాగే. అట్టుకు కావలసింది మైదా, పాలు, గుడ్లు. ఖర్చంతా పడవది, నడిపేవాళ్లది, వడ్డించేవాళ్లది. మీరొక అట్టు తిన్నా ఆరు తిన్నా ఆ ఖర్చు మారదు. ఒకరు ఆరు తింటే పక్కనున్న పాప ఒకటిన్నరతో ఆపేస్తుంది. లెక్క సరిపోతుంది.

అసలు కాపలాదారు మన పొట్టే. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుందని వైద్యులు చెబుతుంటారు. గబగబా తినేవాళ్లు ఆ కబురు అందేలోపే ఒకటి రెండు ఎక్కువ లాగించేస్తారు. ఆ తర్వాత నదీ కనిపించదు, వంతెనా కనిపించదు. పొట్ట పట్టుకుని కూర్చోవడమే!

ఇంకో తమాషా ఉంది. రెండు తీపి అట్లు తిన్నాక మూడో తీపి అట్టు చూస్తే మొహం మొత్తుతుంది. అదే చీజు వేసిన ఉప్పటి అట్టు కనిపిస్తే మళ్లీ నోరూరుతుంది. బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ సంగతిని పరిశోధించి 1981లో ప్రకటించారు. తిన్న రుచి మీద మోజు తగ్గుతుంది, తినని రుచి మీద అలాగే ఉంటుంది. పెళ్లి భోజనంలో 'ఇక చాలు' అని చెయ్యి అడ్డం పెట్టినవాళ్లు జిలేబీ రాగానే చెయ్యి తీసేయడం వెనక ఉన్న రహస్యం ఇదే. బఫేలో రకాలు పెరిగే కొద్దీ మనం తినేదీ పెరుగుతుంది.

అందుకే ఇలాంటి భోజనానికి వెళ్లేవాళ్లు కొన్ని చిట్కాలు గుర్తుంచుకుంటే మంచిది. పొద్దున్నుంచీ పస్తుండి వెళ్లొద్దు... ఆకలి మీదున్న కళ్లకు లెక్క తెలియదు. ఒకసారి ఒక్క అట్టే తెచ్చుకోండి. మొదట ఉప్పటిది, తర్వాత తీపిది. రెంటికీ మధ్య కాసేపు పై అంతస్తుకెళ్లి గాలి పోసుకోండి. శాకాహారులు పిండిలో గుడ్డు కలుస్తుందని గమనించాలి. 'ఇచ్చిన డబ్బుకు గిట్టుబాటు కావాలి' అని తిన్నారో... తర్వాత దాని వడ్డీ పొట్ట కట్టాల్సిందే.

పెనం దగ్గర ఎవరు?

ఇప్పుడు రెంబ్రాంట్ బొమ్మలోని ఆవిడ దగ్గరికి వద్దాం. ఏ దేశంలోనైనా అట్టు కథలో ఆవిడ ఉంటుంది. ఇంగ్లండులో ఓల్నీ అనే ఊరుంది. ఈస్టర్ ముందు వచ్చే ఉపవాసాలకు ముందురోజు అక్కడి ఆడవాళ్లు అట్టున్న పెనం చేత్తో పట్టుకుని చర్చి దాకా పరుగు పందెం పెట్టుకుంటారు. 1445లో ఒక ఇల్లాలు అట్లు పోస్తూ పోస్తూ ఉంటే చర్చి గంట మోగిందట. ఆలస్యమైపోతుందన్న కంగారులో పెనంతో సహా పరుగెత్తిందట. ఆ కథకు గుర్తుగా పందెం. నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఇంట్లో మిగతావాళ్లంతా అప్పటికే చర్చిలో కూర్చుని ఉంటారేమో కదా! పెనం దించడానికి కూడా తీరిక లేనిది ఆవిడ ఒక్కతికే.

మనింటికి రండి. అన్నం ఒకేసారి వండి దించొచ్చు. పప్పు, కూర వండి బల్ల మీద పెట్టి అందరితో కలిసి కూర్చోవచ్చు. అట్టు అలా కాదు. ఒక్కొక్కటిగా పొయ్యాలి, వేడి మీదే తినాలి. 'అమ్మా, నాకు ఎర్రగా కాల్చు', 'నాకు ఉల్లిపాయలొద్దు', 'ఇంకొకటి!' పెనం మీద నీళ్లు చిలకరించిన చప్పుడు, అట్లకాడ చప్పుడు. ముందు పిల్లలు, తర్వాత ఆయన, తర్వాత మామగారు. గంటసేపు నిల్చుని అందరికీ వేసి, ఆఖరికి గిన్నె గీరి పోసుకున్న రెండు అట్లతో, అడుగంటిన చట్నీతో అమ్మ ఒక్కతే కూర్చుంటుంది. ఎవరైనా పిలిస్తే 'మీరు తినండి, నాకేం తొందర' అంటుంది. తొందర లేక కాదు. పెనం వదిలి రాలేక!

మన ఇళ్లలో 'తిన్నవాళ్లకు తిన్నన్ని' అన్న బోర్డు ఏనాడో పెట్టారు. దాని టికెట్టు మాత్రం అమ్మ ఒక్కతే కొంటోంది.

ఆశ్వయుజ బహుళ తదియ నాడు వచ్చే అట్లతద్ది ఉంది కదా, అది ఆడపిల్లల పండగే. ముందురోజు గోరింటాకు, తెల్లవారకముందే భోజనాలు, పగలంతా ఉపవాసం, ఉయ్యాలలు. చంద్రుడొచ్చాక గౌరీపూజ, ముత్తయిదువకు పదకొండు అట్ల వాయనం. ఎంత చక్కని పండగ! కానీ ఆ అట్లు పోసేదీ వాళ్లే. ఉపవాసం ఉన్న చేతులే పెనం దగ్గర నిల్చుంటాయి.

అట్ల పడవలో కనిపించే అసలు వింత ఇదే. అందులో అమ్మ కూర్చుని ఉంటుంది. అట్టు వేడిగా ఉండగానే తింటుంది. కిటికీలోంచి నదిని చూస్తుంది. 'ఇంకొకటి తెచ్చిపెట్టనా?' అని పిల్లవాడే లేచి వెళ్తాడు. పరిమితి లేని అట్లకంటే పడవలో రుచైన మాట అదే. మన దేశం నుంచి కూతుర్నీ మనవల్నీ చూడవచ్చిన అమ్మమ్మ ఒకావిడ ఆ బల్ల దగ్గర కూర్చుందనుకోండి. ఎన్నేళ్లయి ఉంటుంది, ఆవిడ పక్కవాళ్లతో సమానంగా మొదటి అట్టు తిని?

డచ్చివాళ్ల దగ్గర ఇంకో మంచి అలవాటుంది. ఏటా మార్చిలో వాళ్లు జాతీయ అట్ల దినం జరుపుకుంటారు. ఆ రోజు బడిపిల్లలు అట్లు కాల్చి పెద్దవయసు వాళ్లకు తినిపిస్తారు. ఇన్నాళ్లూ పోసిన చేతులకు చిన్న చేతులు పోసి పెట్టడమన్నమాట.

మనింట్లోనే పడవ!

దీనికి రోటర్‌డామ్ దాకా వెళ్లక్కర్లేదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీ వంటింట్లోనే 'అట్ల పడవ' నడపండి. పిండి ముందురోజు రుబ్బి ఉంచుకుంటారుగా. బల్ల మీద గిన్నెలు వరుసగా పెట్టండి. ఉల్లిపాయ ముక్కలు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, కారప్పొడి, నెయ్యి, బెల్లం పాకం, కొబ్బరి కోరు. ఎవరికి నచ్చింది వాళ్లు చెప్పుకోవచ్చు. నియమాలు మూడే. ఒకటి, పెనం దగ్గర ఎవరూ రెండు వాయిల కంటే ఎక్కువసేపు నిల్చోకూడదు, నాన్నతో సహా వంతులవారీగా మారాలి. రెండు, పళ్లెంలో వేసుకున్నది వదలకూడదు. మూడు, మొదటి అట్టు అమ్మకి.

నాన్న పోసిన అట్టు ఆంధ్రప్రదేశ్ పటంలా వస్తుంది. పెద్దబ్బాయిది పెనానికి అంటుకుపోతుంది. పరవాలేదు. 'మొదటి అట్టు ఎప్పుడూ ముద్దే' అని రష్యావాళ్లకు సామెతే ఉంది. నవ్వుకుంటూ తినేయండి. మూడోది గుండ్రంగా వస్తుంది. అమ్మ కూర్చున్నచోటు నుంచే 'మంట తగ్గించు, నీళ్లు చిలకరించు' అని సలహాలిస్తుంటుంది. ఇవ్వనీయండి... ఆ పడవకు కెప్టెన్ ఆవిడే కదా!

డచ్చి అట్టు... మన పెనం మీద

కావలసినవి: మైదా పావు కిలో, పాలు అర లీటరు, గుడ్లు రెండు, ఉప్పు చిటికెడు, కాల్చడానికి వెన్న.

చేసే విధానం: మైదాలో ఉప్పు కలిపి, మధ్యలో గుంటలా చేసి గుడ్లు కొట్టి వేయాలి. సగం పాలు పోసి ఉండలు లేకుండా బాగా గిలకొట్టాక మిగతా పాలు కలపాలి. అరగంట పక్కన ఉంచాలి. పెనం వేడెక్కాక కొద్దిగా వెన్న రాసి, గరిటెడు పిండి పోసి పెనాన్నే అటూ ఇటూ వంచితే అట్టు పరుచుకుంటుంది. గరిటెతో రుద్దకూడదు. పైన తడి ఆరిపోయాక తిరగేసి, రెండోవైపు కూడా ఎర్రబడేదాకా కాల్చాలి. ఆపిల్ అట్టు కావాలంటే పలుచగా తరిగిన ముక్కలు ముందు పెనం మీద పరిచి, వాటి మీద పిండి పోస్తే సరి. స్ట్రోప్ దొరకలేదని బెంగ వద్దు. బెల్లం పాకం పోసుకుని చూడండి... డచ్చివాళ్లు కూడా ఇంకొకటి అడుగుతారు!